మూడు మందులు

మా ఊళ్ళో "మందు తెచ్చినవా?" అని అడిగితే మూడు రకాలుగా జవాబు చెప్పవచ్చు. పొద్దున అడిగితే పురుగు మందు, సందె పూట అడిగితే సీసా మందు, నడిరాత్రి తలుపు తట్టి అడిగితే జ్వరం మందు. మొదటి రెండూ ఊళ్ళోనే దొరుకుతాయి. మూడోదానికి ఏడు కిలోమీటర్లు పోవాలి. ఈ సంచికలో వెన్నెల మీద, ప్రేమ మీద రాయగల సమర్థులైన మిత్రులు చాలామంది ఉన్నారు గనుక నేను ఈ మూడో మందును గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

మాది గద్వాల నుంచి అయిజ పోయే తట్టు ఒక పల్లె. మా సీమను నడిగడ్డ అంటారు. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర, నడుమ మేము. కొంత వేరుశనగ, కొంత మిరప, ఎక్కువ భాగం విత్తన పత్తి. విత్తన పత్తి అంటే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పంట, కాబట్టి పురుగు మందు లేనిదే మాకు తెల్లవారదు. ఊళ్ళో జనం పదిహేను వందల పైచిలుకు. పక్కనే ఒక తండా, అక్కడ మూడు వందల మంది ఉంటారు. పురుగు మందుల దుకాణాలు రెండు, కిరాణా కొట్లు నాలుగు. అందులో ఒకటి మా చిన్నాయనది. మెడికల్ షాపు లేదు. సీసా మందు ఎక్కడ దొరుకుతుందో రాయనక్కరలేదు, చదివేవాళ్ళకు తెలుసు.

ఈ మూడు మందులకూ మూడు చట్టాలున్నవి. పురుగు మందుకు 1968 నాటి చట్టం. సీసా మందుకు ఎక్సైజు చట్టం, అది కూడా 1968దే. జ్వరం మందు అన్నిటికంటె పెద్దది: 1940 నాటి ఔషధాల చట్టం, దాని కింద 1945 నాటి నిబంధనలు. 1930లో కల్నల్ చోప్రా అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేసి, దేశంలో అమ్మే క్వినైను మొదలైన మందుల్లో ఎంత కల్తీ ఉన్నదో చూసిన తర్వాత, పదేళ్ళకు వచ్చిన చట్టమది. తెల్లవాడు పోయినా చట్టం నిలిచింది. నిలవవలసిందే అని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను బి.యస్సీ. రెండో సంవత్సరం, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ. పురుగు మందు అమ్మేవాడికి చదువు ఉండాలని 2015లో నిబంధన తెచ్చినారు. వ్యవసాయ డిగ్రీ గాని, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ వంటి సైన్సు డిగ్రీ గాని ఉండాలి. అంటే వచ్చే సంవత్సరం దేవుడి దయవల్ల పాసయితే నేను పురుగు మందుల దుకాణం పెట్టుకోవడానికి అర్హుణ్ణి. కాని మెడికల్ షాపు పెట్టి డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాలంటే ఈ డిగ్రీ చాలదు. ఫార్మసీ చదివి, పేరు నమోదు చేయించుకున్న ఫార్మసిస్టు కౌంటరులో నిలబడాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం అదే చెబుతుంది. దుకాణానికి కనీసం పది చదరపు మీటర్ల చోటు కావాలి. ఈ సంగతి చెబితే మా నాయిన చెలక గట్టు మీద కూచొని నవ్వినాడు. "ఇంకేంరా, పానం తీసేదానికి నీ సదువు సాలుతది, పానం పోసేదానికి సాలదు" అన్నాడు.

మాట బాగున్నది గాని అందులో సగమే నిజం. మిగతా సగం తెలియడానికి మా అవ్వ సంగతి చెప్పాలి.

మా అవ్వకు మోకాళ్ళ నొప్పులు. నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరి అరిగిన మోకాళ్ళవి. మూడేండ్ల కింద ఎవరో చెప్పినారని ఒకాయన దగ్గర గోలీలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆయన డాక్టరు కాడు, ఫార్మసిస్టు కాడు. కాగితం పొట్లంలో ఒక తెల్లది, ఒక పచ్చది, ఒక చిన్నది, మూడూ కలిపి ఇచ్చేవాడు. పూటకు పది రూపాయలు. రెండు రోజుల్లో అవ్వ లేచి చేనికి నడిచి పోయింది. ఊరంతా చెప్పింది, "బంగారం అసుంటి గోలీలు" అని. ఇంకో పది మంది ముసలివాళ్ళు ఆయన దగ్గరికి పోయినారు.

ఎనిమిది నెలలు వాడింది. మొగం గుండ్రంగా ఉబ్బింది. మేమేమో అవ్వ ఒళ్ళు చేసింది, నొప్పి తగ్గి తిండి తింటున్నది అనుకున్నాము. ఒకనాడు బాయి కాడ కండ్లు తిరిగి పడింది. మాకు హైదరాబాదు కంటె కర్నూలు దగ్గర, పెద్ద రోగమైతే తుంగభద్ర దాటి అక్కడికే పోతాము. అక్కడ రక్తం పరీక్ష చేస్తే చక్కెర మూడు వందలు దాటి ఉన్నది. డాక్టరు, "ఏం గోలీలు వాడుతున్నరు?" అని అడిగినాడు. మా అన్న జేబులోంచి పొట్లం తీసి ఇచ్చినాడు. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. పొట్లం కట్టిన కాగితం మీద ఒక సినిమా వార్త ఉన్నది. మందు పేరు లేదు, కంపెనీ లేదు, తారీఖు లేదు.

చిన్న గోలీ స్టెరాయిడు అయి ఉంటుందని ఆయన అంచనా. ఉబ్బిన మొగం, పెరిగిన చక్కెర, అన్నీ అటే చూపినవి. దాన్ని ఒక్కసారిగా మానడానికి కూడా వీలులేదన్నాడు. ఇక్కడ నాకు జువాలజీ కొంత ఉపయోగపడింది. మూత్రపిండాల మీద టోపీల మాదిరి ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ శరీరానికి కావలసిన హార్మోను తయారుచేస్తాయి. బయటి నుంచి గోలీ రూపంలో నెలల తరబడి వస్తుంటే అవి పని మానుకుంటాయి. గోలీ హఠాత్తుగా ఆపితే లోపలి హార్మోనూ ఉండదు, బయటిదీ ఉండదు. మనిషి కుప్పకూలుతాడు. అందుకని మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. కాని ఎంత నుంచి తగ్గించాలి? గోలీలో ఎంత ఉన్నదో తెలిస్తే గదా! ఆ డాక్టరు పుణ్యాత్ముడు, అంచనా మీద లెక్కకట్టి, రెండు నెలలు మమ్మల్ని తిప్పించుకొని మాన్పించినాడు. అవ్వ బతికింది. చక్కెర మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. ఇప్పుడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలీ, వాటి షీటు మాత్రం చీర కొంగున ముడేసుకొని తిరుగుతుంది. ఎవరడిగినా చూపిస్తుంది.

మందు దాని సొంత కట్టులోనే అమ్మాలి, విప్పి అమ్మరాదు అనే నిబంధన చట్టంలో ఉన్నదని నేను తర్వాత చదివినాను. చదివినప్పుడు నాకది గుమాస్తా రాసిన వాక్యంలా కనిపించలేదు.

ఇప్పుడు మా చిన్నాయన సంగతి. కిరాణా కొట్టు అన్నాక ఉప్పు, పప్పు, బీడీలతోపాటు జ్వరం గోలీలు, కడుపు మంట గోలీలు, దగ్గు సిరప్పు ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఎవడైనా వచ్చి "ఒక గోలీ ఇయ్యి" అంటే కత్తెరతో షీటు కత్తిరించి ఇచ్చేవాడు. రెండు రూపాయలు. కత్తిరించిన ముక్క మీద ఒక్కోసారి పేరులో సగం ఉంటుంది, తారీఖు ఉండదు. నిరుడు ఎండాకాలంలో తనిఖీలు జరుగుతున్నవని, లైసెన్సు లేకుండా మందులు అమ్మేవాళ్ళను పట్టుకుంటున్నరని పుకారు లేచింది. చిన్నాయన ఆ రాత్రే డబ్బా ఎత్తుకపోయి దిబ్బలో పూడ్చివచ్చినాడు. "జైలుకు పోయేటంత లాభం అండ్ల ఏమున్నది?" అన్నాడు. ఆయన భయం ఉత్తదేమీ కాదు. లైసెన్సు అవసరమైన చోట అది లేకుండా అమ్మితే మూడు నుంచి అయిదేండ్ల జైలు, లక్షకు తక్కువ కాని జరిమానా అని చట్టంలో ఉన్నది. తగిన కారణముంటే కోర్టు తగ్గించవచ్చు, అంతే.

డబ్బా పోయినంక ఊరికి కష్టమొచ్చింది. చిన్నపిల్లకు రాత్రి జ్వరమొస్తే ఏడు కిలోమీటర్లు. పొద్దున పూటయితే ఆశ వర్కరు ఉన్నది, ఉపకేంద్రం నర్సమ్మ ఉన్నది, వాళ్ళ సంచిలో గోలీలుంటాయి. ప్రభుత్వ కార్యక్రమం కింద నర్సమ్మలు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఇచ్చే మందులకు లైసెన్సు అక్కరలేదు. కాని జ్వరం వేళ చూసుకొని రాదు గదా. అందరూ మళ్ళీ ఆ పొట్లాల ఆయన వైపే చూడసాగినారు. ఇది నాకు మింగుడుపడలేదు. ఎవరు అమ్మవచ్చు, ఏది అమ్మవచ్చు, అసలు చట్టం ఏమంటున్నదో చూద్దామని నిబంధనల పుస్తకం పట్టుకొని దసరా సెలవులన్నీ కూచున్నాను.

మొట్టమొదట తెలిసింది విచిత్రమైనది. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందులు అని మనం అందరం అంటాము గాని, ఆ పేరుతో ఒక తరగతి మన చట్టంలో లేదు. చీటీ ఉంటేనే ఇవ్వవలసినవి షెడ్యూల్ హెచ్‌లో ఉన్నవి. ఇంకా కఠినమైనవి హెచ్-1లో. 2014 నుంచి వాటికి వేరే రిజిస్టరు రాసి మూడేండ్లు దాచాలి. ఆ జాబితాల్లో లేనివే మిగిలినవి. ప్రత్యేకంగా 16 మందులను చీటీ లేకుండా అమ్మవచ్చునని 2022 మేలో కేంద్రం ఒక ముసాయిదా వేసింది గాని అది ముసాయిదా దగ్గరే ఆగింది.

రెండోది షెడ్యూల్ కె. మినహాయింపుల షెడ్యూలు అన్నమాట. అందులో పదమూడో అంశం చదివి నేను కుర్చీలోంచి లేచినాను. ఇంటి వైద్యానికి కావలసిన కొన్ని మందులు, అంటే ఆస్పిరిన్, పారాసెటమాల్, నొప్పుల బామ్, కడుపు మంట మందు, పిల్లల గ్రైప్ వాటర్, దగ్గు మందు, కాలిన గాయాల పూత, దూది, కట్టుగుడ్డ, ఆముదం, టింక్చరు అయోడిన్ వగైరాలు అమ్మడానికి లైసెన్సే అక్కరలేదు. ఎక్కడ? జనాభా వెయ్యికి మించని ఊళ్ళో, అదీ లైసెన్సున్న దుకాణం లేని చోట. మందు లైసెన్సున్న వ్యాపారి దగ్గర కొనాలి, సొంత కట్టు విప్పకుండా అమ్మాలి.

వెయ్యి! మా ఊరు పదిహేను వందలు. అంటే మూడు వందల మంది ఉన్న తండాలో ఎవరైనా ధర్మంగా జ్వరం గోలీలు అమ్మవచ్చు, కాని తండాలో కొట్టే లేదు. వాళ్ళు ఉప్పుకైనా మా ఊరికే వస్తారు. కొట్టున్న ఊళ్ళో అనుమతి లేదు, అనుమతి ఉన్న ఊళ్ళో కొట్టు లేదు. నా రూమ్మేటుది నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ తట్టు. వాడికి చదివి వినిపిస్తే, "మా నల్లమల చెంచు పెంటల్ల యాభై మంది, వంద మంది ఉంటరు. నీ చట్టం మాకు అంగీ కుట్టినట్టే ఉన్నది. తొడుక్కునేటోడే లేడు" అన్నాడు. అక్కడికి సరుకు తీసుకపోయే మనిషి కావాలి. అటువంటి తిరుగుడు వ్యాపారులకు కూడా, జనం పలుచగా ఉండి వేరే దారి లేని పల్లెల కోసం, ఒక చిన్న లైసెన్సు నిబంధనల్లో ఉన్నది. ఈ మాట మా ఇద్దరి ఊళ్ళల్లో ఎవరూ విన్న పాపాన పోలేదు.

ఆ చిన్న లైసెన్సే మూడోది. దాని పేరు ఫారం 20-ఏ. ఫార్మసిస్టు పర్యవేక్షణ అవసరం లేని మందులను మామూలు కొట్టువాడు అమ్ముకోవడానికి ఇచ్చే పరిమిత లైసెన్సు. దరఖాస్తు ఫారం 19-ఏలో పెట్టాలి. నిబంధనల ప్రకారం ఫీజు 500 రూపాయలు. ఫార్మసిస్టు అక్కరలేదు, బి.యస్సీ. కూడా అక్కరలేదు. బిల్లు మీద కొనాలి, కట్టు విప్పకుండా అమ్మాలి. మా నాయిన మాటలో సగమే నిజమన్నది ఇందుకే. పానం పోసే దారి ఒకటి చట్టంలో ఉన్నది, దాన్ని ఊళ్ళకు చెప్పినవాడు లేడు.

వనపర్తిలో మా మేనమామ కొడుకు డి.ఫార్మసీ చదువుతున్నాడు. వాణ్ణి అడిగితే, "పెద్ద లైసెన్సుకే అందరూ పోతరు బావా, చిన్నది ఎవరిక్కావాలె?" అన్నాడు. వనపర్తి బస్టాండు చుట్టుపక్కల రాయి వేస్తే మెడికల్ షాపు మీద పడుతుంది. అక్కడ గోడమీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటరులో మనిషి ఇంకొకరు అనే మాట కూడా వాడే చెప్పినాడు. చదువు పూర్తయినంక వాడి సర్టిఫికెట్‌కు నెలకింత అద్దె ఇస్తామని ఇప్పటినుంచే అడిగేవాళ్ళున్నారట. వాడు ఇయ్యనన్నాడు. ఈ విషయంలో వాడంటే నాకు గౌరవం.

ఇన్నీ చదివినంక చట్టం మీద నాకు కోపం రాలేదు. కొన్ని చోట్ల నవ్వు వచ్చింది. ఆ పదమూడో అంశంలో విరేచనాలకు వాడే ఒక పాత గోలీ పేరు కూడా ఉన్నది: అయోడోక్లోరోహైడ్రాక్సీక్వినొలిన్. పేరు పలకడానికే నీళ్ళు తాగాలి. జపానులో దానివల్ల వేలమందికి కాళ్ళు చచ్చుబడి, చూపు దెబ్బతిని, 1970లో అక్కడ అమ్మకం ఆపేసినారు. మన షెడ్యూలులో మాత్రం ఇంటి మందుల వరసలో చేర్చినారు. ఆస్పిరిన్ కూడా అంతే, జ్వరమున్న చిన్నపిల్లలకు అది ఇవ్వరాదని ఇవాళ ప్రతి పుస్తకంలో ఉంటుంది. జాబితాను అప్పుడప్పుడు దులపవలసిన అవసరం ఉన్నది.

దులపడం మొదలయింది కూడా, అయితే చాలా దుఃఖం తర్వాత. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్పు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయినారు. సిరప్పులో ఉండరాని డైఇథిలీన్ గ్లైకాల్ నూటికి 48 పాళ్ళకు పైగా ఉన్నదని తమిళనాడు పరీక్షలో తేలింది. ఆ తర్వాత పదమూడో అంశంలోంచి సిరప్ అనే మాట తీసివేయాలనే ప్రతిపాదన కేంద్రం ముందుకు తెచ్చింది. మంచిదే. కాని ఒక్క మాట. ఆ పిల్లలకు సిరప్పు అందింది మా చిన్నాయన వంటివాడి బిస్కెట్ డబ్బాలోంచి కాదు. లైసెన్సున్న కంపెనీ తయారుచేసింది, డాక్టరు చీటీ రాసినాడు. తప్పు పైన జరిగితే తాళం కింద వేసినట్టు కాకూడదని నా మనవి.

ఇంకొక తమాషా. ఆల్ప్రజోలం అనే నిద్ర గోలీ హెచ్-1 జాబితాలో ఉన్నది. రిజిస్టరులో రోగి పేరు, డాక్టరు పేరు రాయనిదే ఒక్క గోలీ ఇవ్వరాదు. అదే ఆల్ప్రజోలం పొడి మన పాలమూరు సీమలో కల్తీ కల్లు కుండల్లో పట్టుబడుతూనే ఉంటుంది. కల్లు తాగే మనిషికి కల్లు ఆగిన రెండో రోజు చేతులు వణుకుతాయి, పిచ్చి మాటలు వస్తాయి. అదీ కల్లు కోసం కాదు, అందులో కలిపిన మందు కోసం. కుండకు రిజిస్టరు లేదు.

పక్క దేశాల సంగతి కూడా కొంచెం చూసినాను. బ్రిటనులో పారాసెటమాల్ కిరాణా కొట్లో దొరుకుతుంది. కాని 1998 నుంచి మామూలు కొట్లో ఒక పెట్టెలో 16 గోలీలు, మందుల దుకాణంలో 32, అంతకు మించి ఉండరాదు. ఎందుకంటే ఆ గోలీ ఎక్కువైతే కాలేయం పాడై మనిషి చస్తాడు. అమాయకంగా కనిపించే జ్వరం గోలీకి కూడా ఒక హద్దున్నది. పెద్దవాళ్ళకు రోజుకు నాలుగు గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది, దాటరాదు. మా ఊళ్ళో ఒంటినొప్పులకు ఒకటి, తలనొప్పికి ఒకటి, జ్వరానికి ఒకటి అని మూడు రంగుల్లో అదే మందు వేసుకునేవాళ్ళను నేను చూసినాను. షీటు మీద పేరు చదివితే మూడూ ఒకటే అని తెలుస్తుంది. విప్పి కత్తిరించి అమ్మితే ఎట్లా తెలుస్తుంది?

బామ్‌ల మాట చెప్పి ముగిస్తాను. చిన్నాయన డబ్బా పూడ్చిన రాత్రి అమృతాంజనం, జిందా తిలిస్మాత్ సీసాలు కూడా భయంతో పూడ్చినాడు. అది అనవసరం. ఆయుర్వేద, యునానీ మందులు తయారుచేయడానికే లైసెన్సు కావాలి, అమ్మడానికి అక్కరలేదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ ఏ పల్లె కొట్లోనైనా నిలబడగలిగినవి ఇందువల్లనే. ఇది చెప్పగానే చిన్నాయన మర్నాడే పార తీసుకొని దిబ్బకు పోయినాడు. రెండు సీసాలు దొరికినవి. అమ్మవద్దని మేమంటే ఇంట్లో వాడుకుంటున్నాడు.

ఇక ఫారం 19-ఏ. నేను నింపి ఇచ్చినాను. కొట్టు చోటు కాగితం, ఫొటోలు, అన్నీ జతచేసినాము. చిన్నాయన ఒక్క దగ్గర ఆగినాడు. "షీటంతా అమ్మాలంటవు. రెండు రూపాయలు పట్టుకొని వచ్చెటోడు షీటు కొంటడా?" అన్నాడు. పది గోలీల షీటు పదీ పదిహేను రూపాయల్లో వస్తుందని, ఆయన కత్తిరించి అమ్మినప్పుడు అదే ఇరవై పడుతున్నదని లెక్క రాసి చూపించినాను. చాలాసేపు ఆ లెక్కకేసి చూసినాడు. అవ్వ పక్కనే కూచొని కొంగు ముడి విప్పి, "పేరు ఇండ్ల ఉన్నది సూడు" అని తన షీటు ఆయన ముందర పెట్టింది.

దరఖాస్తు ఇప్పుడు చిన్నాయన గల్లా పెట్టెలో, ఉద్దెర పద్దుల పుస్తకం కింద ఉన్నది. వేరుశనగ అమ్ముడుపోయినంక గద్వాలకు పోదామన్నాడు.